రాత్రి కంప్యూటరుకి, పగలు మనకి

ఏమండోయ్, సినిమా తీస్తున్నారటగా! అదీ సొంత డబ్బుతో! వీధంతా తెలిశాక ఆఖర్న నాకు తెలిసింది. పోనీలెండి, ఆ అలక తర్వాత తీర్చుకుంటాను. ముందు ఒక్క మాట చెప్పండి. కథ రాసుకున్నారు. కెమెరా మాట్లాడుకున్నారు. ఊళ్లో మేనమామగారి మండువా ఇల్లు లొకేషన్‌గా ఖాయం చేసుకున్నారు. అంతా బాగుంది. మరి ఎడిటింగ్ సంగతేమిటి?

"షూటింగ్ అయ్యాక చూసుకుందాంలే" అంటున్నారు కదూ? అనండి, అనండి. అందరూ అనేదే. నా ఫిర్యాదల్లా ఒక్కటే. సినిమా పనిలో అన్నిటికంటే సరదా అయినదాన్ని తీసుకెళ్లి ఆఖరి బెంచీలో కూర్చోబెడతారు. షూటింగులో ఏం సుఖముందండీ? ఎండ. చెమట. డైలాగు మధ్యలో లారీ హారను. జనరేటరు బిల్లు. భోజనంలో పెరుగు చాల్లేదని అలిగిన అసిస్టెంటు. అసలు మజా అంతా తర్వాత, ఫ్యాను కింద కూర్చుని ఒక షాటు పక్కన ఇంకో షాటు పెట్టి చూసుకోవడంలో ఉంది.

ఒక ముసలాయన ముఖం పెట్టండి. పక్కన ఖాళీ మంచం పెట్టండి. పాపం, భార్య పోయిందనుకుంటాం. మంచం తీసేసి వేడి వేడి పెసరట్టు పెట్టండి. ఆకలేస్తోంది కాబోలు అనుకుంటాం. ముఖం అదే! ఆయన కొత్తగా నటించిందేమీ లేదు. వందేళ్ల కిందట రష్యాలో కూలెషోవ్ అనే ఆయన ఈ ఆటే ఆడి చూపించాడు. ఒకే ముఖం పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక అమ్మాయి. జనం ఆ నటుడి నటన చూసి మురిసిపోయారట. ఈ గారడీ మన చేతుల్లో ఉన్నప్పుడు, దానికి తీరికగా, దర్జాగా చోటు చేసుకోవద్దూ?

చోటు చేసుకోవడమంటే ప్లాను వేసుకోవడమే. కంగారు పడకండి, పెద్ద గ్రంథమేం కాదు. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు. కాకపోతే కాగితాన్ని కింద నుంచి పైకి నింపాలి. నిజమేనండీ, కింద నుంచే. అట్టడుగున ముందు ఇది రాయండి: ఈ సినిమాని జనం ఎక్కడ చూస్తారు? థియేటర్లోనా, ఫెస్టివల్లోనా, ఓటీటీలోనా, యూట్యూబ్‌లోనా? అది తేలితే పై మెట్లన్నీ వాటంతటవే తేలతాయి.

నమ్మకం కుదరడం లేదా? అయితే రాబర్ట్ రోడ్రిగెజ్ కథ వినండి. 1992 నాటి 'ఎల్ మరియాచీ'. ఖర్చు దాదాపు 7,000 డాలర్లు. అందులో కొంత, కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే కంపెనీకి తన ఒళ్లు అప్పగించి సంపాదించాడు. మీరు మాత్రం అంతదాకా వెళ్లకండి, మీ ఆవిడ నన్ను తిడుతుంది. సంగతేమిటంటే, ఆయన ఆ సినిమాని స్పానిష్ వీడియో క్యాసెట్ల వాళ్లకి అమ్ముదామనుకున్నాడు. క్యాసెట్టుకి కావలసింది వీడియో మాస్టరు, అంతేగా? కాబట్టి ఫిల్ము మీద తీసినా ఎడిటింగంతా వీడియోలోనే కానిచ్చాడు. ఫిల్ము ప్రింటు తీయించే ఖర్చు తప్పింది. తర్వాత హాలీవుడ్ స్టూడియో కొనుక్కుని, థియేటరు కోసం పెద్ద ప్రింటు తీయించడానికి ఆయన సినిమా ఖర్చుకి ఎన్నో రెట్లు పోసింది. అది వాళ్ల తలనొప్పి. ఆయన కాగితం అట్టడుగున రాసుకున్నది 'క్యాసెట్టు', అంతే.

ఇంకో ముచ్చట. మాటలు వేరే టేపు మీద రికార్డు చేసుకుని చేత్తో జత చేశాడు. పెదవులూ మాటలూ తప్పుతున్నాయనిపించిన చోటల్లా ఠక్కున ఇంకో షాటుకి కట్ చేసేశాడు. జనమేమో "అబ్బ, ఏం వేగం!" అన్నారు. చూశారూ, లేమి కూడా ఒక్కోసారి శైలి అయిపోతుంది.

సరే, మన కాగితానికొద్దాం. అట్టడుగున 'థియేటరు' అని రాశారనుకోండి. దాని పైన ఏం రాయాలి? థియేటరుకి వెళ్లేది డీసీపీ అనే ఫైళ్ల మూట. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు. ఫ్రేము సైజు 2కెలో స్కోపు అయితే 2048×858, ఫ్లాట్ అయితే 1998×1080. ఈ మూట కట్టడానికి డీసీపీ-ఓ-మ్యాటిక్ అని ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. దాని పైన సెన్సారు సర్టిఫికెట్టు. మీ హీరో బీడీ కాలుస్తాడా? హెచ్చరికలకి చోటు ఉంచండి. సినిమాలో ఎద్దు ఉందా? జంతు సంక్షేమ బోర్డు కాగితం కావాలి. ఎద్దు షాటు ఎడిటింగులో ఎలాగూ ఎగిరిపోయేదైతే ఆ కాగితం కోసం ఎందుకు తిరగడం? ఇదిగో, ఇలా కింద నుంచి పైకి చూస్తేనే ఎద్దు ముందుగా కనిపిస్తుంది.

సెకనుకు 24 అన్నాం కదా, అక్కడ ఒక తమాషా ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జులు. ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలిసిపోతుంది. 24లో తీస్తూ షట్టరు సెకనులో 48వ వంతు అని పెట్టారా, మేనమామగారి హాల్లో గోడలన్నీ వణుకుతాయి. షట్టరుని 50వ వంతుకి మార్చండి, గోడలు బుద్ధిగా నిలబడతాయి. ఎడిటింగు టేబుల్ మీద ఎంత పెనుగులాడినా పూర్తిగా పోని జబ్బు ఇది. లొకేషన్‌లో ఒక్క మీట తిప్పితే అసలు రానే రాదు.

ఫోనుతో కూడా కొన్ని షాట్లు తీస్తారా? తీయండి, భేషుగ్గా తీయండి. 2015లో షాన్ బేకర్ 'టాంజరీన్' మొత్తం ఐఫోన్ 5ఎస్‌తోనే తీశాడు. ఆయనే 2025లో 'అనోరా'కి ఎడిటింగు ఆస్కారు కూడా పట్టుకుపోయాడు. అదీ ఎడిటరుగా తన పేరు మీదే! ఫోనుతో ఒక్కటే పేచీ. దాని మానాన దాన్ని వదిలేస్తే వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం ఎక్కువ తక్కువ చేసుకుంటుంది. పది నిమిషాల షాటులో మాట ముందు, పెదవి వెనక. వేగం స్థిరంగా కట్టేసే యాప్ వేసుకోండి. లేదా ఎడిటింగుకి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేరులో వేసి ఫైలుని ఒక దారికి తెచ్చుకోండి.

ఇక లెక్కల మాస్టారుగా మారుతున్నాను, తప్పించుకోకండి. మీ సినిమా 90 నిమిషాలు అన్నారు. తెర మీది ఒక నిమిషానికి 20 నిమిషాలు తీస్తారనుకుందాం. అంటే 30 గంటల ఫుటేజీ. కెమెరా సెకనుకు 100 మెగాబిట్లు రాస్తుంటే గంటకు 45 జీబీ. ముప్పై గంటలకి 1,350 జీబీ. "ఓస్, రెండు టీబీ డిస్కు ఒకటి కొంటే చాలుగా" అనేశారు, విన్నాను. అదే వద్దంటున్నాను. మూడు కాపీలు కావాలండీ! రెండు వేర్వేరు డిస్కుల మీద రెండు, ఇల్లు దాటి బయట ఇంకెక్కడో ఒకటి. అంటే 4 టీబీ దాటింది. ఎడిటింగుకి తేలికపాటి కాపీలు ఇంకో అర టీబీ. చివరి మాస్టరు 4కెలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాటులో అయితే 90 నిమిషాలకి ఇంకో 480 జీబీ దాకా. మొత్తం 5 టీబీ పైమాటే. సికింద్రాబాదు సీటీసీకి డిస్కులు కొనడానికి వెళ్లేటప్పుడు ఈ అంకె జేబులో పెట్టుకెళ్లండి. అంకె లేకుండా వెళితే షాపువాడు చెప్పిన అంకెతో తిరిగొస్తారు.

మూడు కాపీలు చాదస్తం అనిపిస్తోందా? 1998లో పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' పని జరుగుతోంది. ఎవరో ఒక డిలీట్ కమాండు తప్పు చోట కొట్టారు. చూస్తుండగానే బొమ్మలు ఒక్కొక్కటే మాయం. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది చాలా రోజులుగా సరిగ్గా పనిచేయడం లేదు! అంత పెద్ద స్టూడియోని ఎవరు కాపాడారో తెలుసా? గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని. ఆవిడ అక్కడ సాంకేతిక పర్యవేక్షకురాలు. పసిబిడ్డతో ఇంటి దగ్గర నుంచే పని చేసుకుంటూ సినిమా కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్ని దుప్పట్లలో చుట్టి, కార్లో మెల్లగా నడిపించుకుంటూ తీసుకొచ్చారు. కొసమెరుపు వినండి. అంత కష్టపడి కాపాడుకున్న సినిమా వాళ్లకే నచ్చక, తర్వాత చాలావరకు మళ్లీ మొదట్నుంచి చేశారు!

కాబట్టి మూడో కాపీ మీ ఇంట్లో ఉండకూడదు. మీ అక్కయ్యగారింట్లో బీరువాలో పెట్టండి, పట్టుచీరల కింద. వారానికోసారి వెళ్లి కొత్త ఫుటేజీ ఎక్కించుకు రావచ్చు. పనిలో పని, ఆవిడ చేతి పులిహోర తినొచ్చు. డిస్కుని మ్యాకూ విండోసూ రెండూ చదవాలంటే ఎగ్జ్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. కెమెరా కార్డుని మాత్రం రెండు కాపీలు పడి, అక్షరం అక్షరం సరిపోయాయని సాఫ్ట్‌వేరు చెప్పేదాకా ఖాళీ చేయొద్దు. మామూలు కాపీ పేస్టు అంత ఓపిగ్గా సరిచూడదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరులో ఇందుకోసమే క్లోన్ అనే పనిముట్టు ఉంది. విండోస్‌లో టెరాకాపీ ఉంది.

అన్నట్టు, రిజాల్వ్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు పెద్ద స్టూడియోల రంగుల గదుల్లో లక్షల డాలర్లు పలికిన యంత్రాలు డావిన్చీ వాళ్లవి. 2009లో ఆస్ట్రేలియావాళ్ల బ్లాక్‌మ్యాజిక్ ఆ కంపెనీని కొంది. ఇప్పుడు అదే పేరుతో ఎడిటింగు, రంగులు, శబ్దం అన్నీ కలిపి ఉచితంగా ఇచ్చేస్తున్నారు! ఉచిత వెర్షన్లో 4కె యూహెచ్‌డీ దాకా సినిమా బయటికి తీయొచ్చు. మనకి ఇంకేం కావాలి? కాకపోతే మీ కెమెరా ఫైలు మీ కంప్యూటర్లో తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. లినక్సు వాడేవాళ్లకైతే ఉచిత వెర్షన్లో హెచ్.264 రకం ఫైలు తెరుచుకోదు. షూటింగ్ ముగిసిన రోజు తెలుసుకోవాల్సిన సంగతి కాదది.

అందుకే నా మాట విని, షూటింగుకి వారం ముందు ఒక నిమిషం సినిమా తీయండి. కథ అక్కర్లేదు. మీ అబ్బాయి కుళాయి దగ్గర బిందె నింపి లోపలికి తెస్తాడు, చాలు. దాన్ని కార్డు నుంచి డిస్కుకి, డిస్కు నుంచి ఎడిటింగుకి, అక్కడి నుంచి శబ్దానికి, రంగులకి, చివరికి టీవీ తెర మీదికి మొత్తం దారి నడిపించండి. ఎక్కడ మొరాయిస్తుందో అక్కడే మీ ప్లానుకి మరమ్మతు. ఒక నిమిషం దగ్గర దొరికిన చిక్కు ఒక గంటలో విడిపోతుంది. ముప్పై గంటల ఫుటేజీ దగ్గర దొరికిన చిక్కుకి మీ సంక్రాంతి పోతుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాను, కాస్త దగ్గరికి జరగండి. సొంత డబ్బుతో సినిమా తీసేవాడికి పెద్ద నిర్మాతకి లేని ఆస్తి ఒకటుంది. రిలీజు డేటు తరుముకు రాదు. కాలం మనదే. కానీ ఆ కాలాన్ని తెర మీద మెల్లగా పాకే నీలం గీతని చూస్తూ తగలేస్తాం! నకలు పడుతోంది, ఆగండి. మారుస్తోంది, ఆగండి. బయటికి తీస్తోంది, ఆగండి. ఎందుకాగాలి? రాత్రంతా మనం గుర్రుపెట్టే వేళ కంప్యూటరుకి పనేంటి? ఆగే పనులన్నీ రాత్రికి రాసేయండి. కట్ చేసే పని పగటికి ఉంచండి. కాగితం మీద ప్రతి పని పక్కన 'రా' అనో 'ప' అనో రాసుకోండి. ప్లానంటే నా దృష్టిలో ఇంతే.

రాత్రి పనుల్లో మొదటిది ప్రాక్సీలు. ఇవెందుకంటారా? కెమెరా రాసే హెచ్.264, హెచ్.265 ఫైళ్లు పిసినారివి. కబుర్ల పిన్నిగారు కథ చెప్పే పద్ధతి చూశారా? మొదట ఒకసారి అంతా వర్ణించి, ఆ తర్వాత "అప్పుడేమో చెయ్యెత్తాడు, అప్పుడేమో తల తిప్పాడు" అని మారినవి మాత్రమే చెబుతుంది. ఈ ఫైళ్లదీ అదే తీరు. ఒక ఫ్రేము పూర్తిగా, తర్వాతివన్నీ మార్పులు మాత్రమే. మధ్యలో ఆపి "ఇప్పుడెలా ఉన్నాడూ?" అని అడిగితే కంప్యూటరు పాపం మొదట్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ఎడిటింగంటేనే మధ్యలో ఆపడం, వెనక్కి పోవడం కదా! అందుకని ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండే చిన్న కాపీలు చేయించుకుంటాం. మ్యాక్ అయితే ప్రోరెస్ ప్రాక్సీ, విండోస్ అయితే డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ. 1080 సైజులో గంటకు 16 జీబీ. ముప్పై గంటలకి 480. చివర్లో ఒక్క మీటతో అసలు ఫైళ్లు వచ్చి కూర్చుంటాయి. పాత ల్యాప్‌టాప్ కూడా పడుచుదైపోతుంది.

రోజు షూటింగు ముగిసి భోజనాలయ్యాక కార్డులు కాపీకి పెట్టండి. అది అవగానే ప్రాక్సీలు మొదలుపెట్టి పడుకోండి. తెల్లారేసరికి నిన్నటి సీన్లు సిద్ధం. రెండో రాత్రి పని మాటల జతకట్టడం. వేరే రికార్డరులో తీసిన శబ్దాన్ని, కెమెరాలోని గరగర శబ్దాన్ని పోల్చి సాఫ్ట్‌వేరే జత చేసేస్తుంది. అయినా క్లాపు బోర్డు కొట్టండి. దానివల్ల లాభముందో లేదో అటుంచండి, ఆ 'టప్' వినకపోతే షూటింగు జరిగినట్టుండదు! రికార్డరుని 48 కిలోహెర్ట్‌జులు, 24 బిట్లకి పెట్టుకోండి. శబ్దం పెద్దగా చోటు తినదు, ఒక ట్రాకుకి గంటకు అర జీబీ. కక్కుర్తి పడొద్దు.

కరెంటు సంగతి మర్చిపోయాను చూశారా! రాత్రంతా పని పెట్టి పడుకుంటే అర్ధరాత్రి కరెంటు పోతుంది. అది దాని జన్మహక్కు. చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. వేసవి షూటింగైతే ల్యాప్‌టాప్ కింద దిండు, పరుపు పెట్టకండి. దానికీ ఊపిరాడాలిగా.

శబ్దం అన్నాను కాబట్టి నాకు మహా ఇష్టమైన ముచ్చట ఒకటి. ప్రతి లొకేషన్లో సీను అయిపోగానే అందర్నీ నోరు మూసుకోమని, ఒక్క నిమిషం ఊరికే రికార్డు చేయండి. ఖాళీ గది శబ్దం. వింటే ఆశ్చర్యపోతారు. మేనమామగారి మండువాలో పగలు ఉడత, దూరంగా నీళ్ల మోటారు, పెరట్లో ఎవరో బట్టలుతుకుతున్న దెబ్బ. రెండు డైలాగుల మధ్య కట్ చేసిన చోట చెవికి తెలియకుండా పూడ్చేది ఈ నిమిషమే. అది లేదనుకోండి, కట్ పడ్డ ప్రతి చోటా ఊరు ఊరంతా ఒక్క క్షణం చచ్చిపోయి మళ్లీ లేస్తుంది. డబ్బింగు చెప్పించేటట్టయితే ఇంకా అవసరం. గాజుగదిలో చెప్పిన మాటలకి ఆ ఉడతే ఊరిని తెచ్చిపెడుతుంది.

ఇక ఎవరు ఎడిట్ చేస్తారు? "నేనే" అంటారు, తెలుసు. చేయండి. అస్సాంలో రీమా దాస్ 'విలేజ్ రాక్‌స్టార్స్' తానే రాసుకుని, తానే తీసుకుని, తానే ఎడిట్ చేసుకుంది. 65వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రంతో పాటు ఉత్తమ ఎడిటింగు కూడా ఆ సినిమాకే వచ్చింది. అయితే ఒక హెచ్చరిక. ఎడిటరుగా కూర్చున్నప్పుడు ఆ షాటు తీయడానికి మీరు పడ్డ పాట్లు మర్చిపోవాలి. మోకాలి లోతు బురదలో నిలబడి తీశారు, నిజమే. తెర మీద బురద కనిపిస్తుంది గానీ మీ మోకాలు కనిపించదు.

అసలు ఎడిటర్ల మీద మనకింత చిన్నచూపెందుకండీ? 'శంకరాభరణం' అనగానే సోమయాజులుగారిని తలుచుకుంటాం, మహదేవన్‌గారిని తలుచుకుంటాం, విశ్వనాథ్‌గారికి దండం పెట్టుకుంటాం. ఆ సినిమా ఎడిటరు జి.జి.కృష్ణారావుగారని మన వీధిలో ఎంతమందికి తెలుసు? అడిగి చూడండి. 'బాహుబలి' డైలాగులు ఒప్పజెప్పే మా మేనల్లుడికి కోటగిరి వెంకటేశ్వరరావుగారి పేరు నేను చెప్పాల్సొచ్చింది. సరే, నా బాధ నాది, ముందుకు పోదాం.

పగటి పనుల్లో మొదటిది రషెస్, అంటే తీసిన ముడి ఫుటేజీ, చూడటం. మొత్తం చూడాలి, వరస తప్పకుండా, కాగితం పెన్సిలు పట్టుకుని. "సీను 14, టేకు 3, నవ్వు బాగుంది, చివర్లో కళ్లు" అని నాలుగు ముక్కలు రాసుకోండి. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించిన చోట చుక్క పెట్టండి. వందోసారి చూసేటప్పుడు ఆ జలదరింపు రాదు. అప్పుడు మీ చుక్కే సాక్ష్యం. ఫైళ్లకి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే పెట్టండి, మధ్యలో ఖాళీలు వదలకుండా, తేదీ ముందు, సీను నంబరు తర్వాత. తెలుగు మీద ప్రేమ డైలాగుల్లో చూపించుకుందాం. కొన్ని సాఫ్ట్‌వేర్లు మన ఒత్తులు చూసి బెదురుతాయి.

వాల్టర్ మర్చ్ అని హాలీవుడ్లో మహా ఎడిటరు. 'ద ఇంగ్లిష్ పేషెంట్'కి ఎడిటింగుకీ శబ్దానికీ రెండు ఆస్కార్లు ఒకేసారి అందుకున్నాడు. ఆయన నిలబడి ఎడిట్ చేస్తాడు, కూర్చోడు! వంటవాళ్లూ సర్జన్లూ నిలబడటం లేదా అంటాడు. ప్రతి షాటు నుంచి ఒక ఫొటో తీయించి గోడ నిండా అంటిస్తాడు. సీనుకో కార్డు, రంగురంగులవి. గోడ కేసి చూస్తే సినిమా అంతా ఒక్కసారి కనబడుతుంది. మనకి ఫొటో ప్రింట్లు ఖర్చనుకుంటే పాత పెళ్లి శుభలేఖల వెనక సీను పేరు రాసి అంటించుకోండి. పసుపు మూల ఉన్నవి హీరోయిన్ సీన్లకి. సగం సినిమా దాకా ఒక్క పసుపు మూలా కనబడకపోతే, ఆ పిల్లని కథలో మర్చిపోయారన్నమాట. స్క్రిప్టులో అంత తొందరగా దొరకదు ఆ సంగతి.

తొలికూర్పు చూసి ఏడవకండి. అందరిదీ అంతే ఉంటుంది. తీసినవన్నీ వరసగా పేర్చితే 90 నిమిషాల సినిమా రెండున్నర గంటలు వస్తుంది. పొడుగ్గా, నీరసంగా, మనమేనా తీసింది అన్నట్టు. ఆ రోజు ఇంకేమీ చేయకండి. పకోడీలు తినండి. మర్నాటి నుంచి 20 నిమిషాల చొప్పున రీళ్లుగా విడగొట్టుకుని, రీలుకో టైంలైనుగా పని మొదలుపెట్టండి. కంప్యూటరూ తేలిక, మనసూ తేలిక.

ఇక్కడే ఒక మాయదారి ఆకర్షణ ఉంటుంది. సీను చప్పగా ఉందని తాత్కాలికంగా ఓ ఇళయరాజా ముక్క పెడతారు. పెట్టారా, అయిపోయారు! ఆ సీను ఎంత చెత్తగా ఉన్నా బాగున్నట్టే ఉంటుంది. రెండు నెలలు అదే విని, చివరికి మీ సంగీత దర్శకుడు ప్రాణం పెట్టి చేసినది వింటే "ఏదో తక్కువైంది" అంటారు. కుబ్రిక్ అంతటివాడికే తప్పలేదు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి అలెక్స్ నార్త్ చేత ప్రత్యేకంగా సంగీతం రాయించి, తాత్కాలికంగా పెట్టుకున్న పాత క్లాసికల్ ముక్కల్నే ఉంచేశాడు. తన సంగీతం లేదని నార్త్‌కి సినిమా చూసేటప్పుడు తెలిసింది. పాపం కదూ? అందుకే మొదటి కోత మొత్తం సంగీతం లేకుండా చేయండి. ఉడత చాలు.

ఇప్పుడిక నా ప్రాణం. చిన్న కోత. అమ్మ కాఫీ గ్లాసు కొడుకు ముందు పెడుతుంది. కొడుకు చూడడు. తర్వాతి షాటు అమ్మ ముఖం. గ్లాసు బల్లకి తగిలాక కట్ చేస్తే, కాఫీ ఇచ్చిందని తెలుస్తుంది. అంతే. నాలుగు ఫ్రేములు ముందుకి జరపండి. గ్లాసు ఇంకా గాలిలోనే ఉంది, మనం అమ్మ ముఖానికి వెళ్లిపోయాం, 'టక్' అన్న చప్పుడు ఆవిడ ముఖం మీద వినిపిస్తుంది. ఆవిడ రెప్ప అప్పుడే వాలుతుంది. వీడు చూడడని ఆవిడకి ముందే తెలుసు! సెకనులో ఆరోవంతు తేడాకి ఇరవయ్యేళ్ల ఇంటి సంగతి బయటపడింది. స్క్రిప్టులో ఆ మాట లేదు, నటికి మీరు చెప్పనూ లేదు. ఇంకో రెండు ఫ్రేములు జరిపి చూద్దామా? జరపండి. అబ్బే, ఇప్పుడు తొందరపడ్డట్టుంది. వెనక్కి తెండి. హాఁ, అక్కడ! ఇలా ఒక పూట గడిచిపోతే ఎవరికి సంజాయిషీ చెప్పాలి? పూట మనది. పూటలు ఇలా మిగలాలనే కదా రాత్రి పనులన్నీ రాత్రికి తోసేశాం.

రఫ్ కట్ తయారయ్యాక నలుగురికి చూపించాలి. మీ బావమరిదికి మాత్రం వద్దు. ఆయన బాగుందనే అంటాడు, అప్పు ఉంది కదా. కథ తెలియనివాళ్లని పిలవండి. తెర చూడకుండా వాళ్లని చూడండి. ఎక్కడ ఫోను తీశారు? ఎక్కడ కాలు మార్చుకున్నారు? టైము రాసుకోండి. అయ్యాక "ఎలా ఉంది?" అని అడగొద్దు. మొహమాటానికి పోతారు. "కథ నాకొకసారి చెప్పండి" అనండి. వాళ్లు చెప్పే కథ మీ కథ కాకపోతే ఎక్కడ జారిందో అక్కడే దొరుకుతుంది. సలహాలిస్తే మర్యాదగా రాసుకుని టీ ఇచ్చి పంపండి. జబ్బు ఎక్కడో జనం సరిగ్గా చెబుతారు. మందు మాత్రం మనమే వెతుక్కోవాలి.

ఆ తర్వాత ఒక తేదీ వేసుకుని తాళం వేసేయాలి. పిక్చర్ లాక్. ఇది చాలా గట్టి మాటండీ. తాళం వేశాక ఒక్క ఫ్రేము కదిపినా సంగీతం, డబ్బింగు, రంగులు అన్నీ జారిపోతాయి. ఒక్కొక్కరికీ మళ్లీ డబ్బు. మీ డబ్బు! శబ్దం చేసేవాళ్లకి మీ టైంలైనుని మోసుకెళ్లే ఏఏఎఫ్ ఫైలు, ప్రతి ముక్కకీ అటూ ఇటూ కొన్ని సెకన్లు అదనంగా, తెర మీద టైంకోడు కనిపించే వీడియో కాపీ ఇవ్వండి. సినిమా మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒకే ఒక్క ఫ్రేము 'బీప్' పెట్టండి. ఎంత పెద్ద సినిమాకైనా ఈ బీప్ ఉంటుంది, ప్రేక్షకుడు ఎప్పుడూ వినడు. దాన్ని పట్టుకునే శబ్దం బొమ్మ మీద సరిగ్గా కూర్చుంటుంది. ఆ బీప్ పెట్టేటప్పుడు నాకైతే ఒళ్లంతా గర్వమే!

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' కోసం భార్య నగలు కుదువపెట్టాడు. న్యూయార్కులో ప్రదర్శన దగ్గరపడుతుంటే ఎడిటరు దులాల్ దత్తాతో కలిసి రాత్రింబవళ్లు కూర్చున్నాడు. మహానుభావుడు, ఆయనకి చెల్లింది. మీకు ఆ తాకట్టూ వద్దు, ఆ జాగారమూ వద్దు. కాగితం తీయండి, అట్టడుగు గీత మీరే రాయండి, పైవి నేను చెబుతాను. తొలి రోజు రషెస్ చూసేటప్పుడు మాత్రం నాకో కుర్చీ వేయించాలి. నోరెత్తను, ఒట్టు. మరీ బాగున్న చోట కాస్త గట్టిగా నిట్టూరుస్తానంతే. అది కూడా రాసుకోండి, టైముతో సహా!